పోస్ట్‌గ్రెస్‌లో నాకు బాగా నచ్చింది దాని రిలీజ్ నోట్స్

గుంటూరులో మూడు మిర్చి కోల్డ్ స్టోరేజీల స్టాకు సాఫ్ట్‌వేర్ నేనే చూస్తాను. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ ఛాంబర్‌లో ఉన్నాయి, అద్దె ఎంత బాకీ, అంతా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోనే. దాని వేగం గురించి చాలామంది రాశారు. నేను మాత్రం ప్రతి కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే దాని రిలీజ్ నోట్స్‌కే అయిదు నక్షత్రాలు ఇస్తాను.

2022 ఏప్రిల్, సరుకు దిగే సీజను. లాట్ నంబరుతో వెతికితే తెర కదిలేది కాదు. బయట లారీలు బారులు తీరి ఉంటే ఎంట్రీలు ఆపలేం కదా, అందుకని పని ఆగకుండా ‘కన్‌కరెంట్లీ’ పద్ధతిలో కొత్త ఇండెక్స్, అంటే త్వరగా వెతకడానికి పనికొచ్చే సూచిక, కట్టాను. జూన్ 16న పోస్ట్‌గ్రెస్ 14.4 వెర్షన్ వచ్చింది. నోట్స్ మొదట్లోనే విషయం చెప్పేశారు: 14లో ఆ పద్ధతిన కట్టిన ఇండెక్స్‌లు చెడిపోయి ఉండొచ్చు, అప్‌డేట్ చేశాక వాటిని మళ్లీ కట్టుకోవాలి. అది చదవకపోతే అప్‌డేట్ నొక్కి, పనైపోయిందనుకుని పడుకునేవాణ్ణి. ఇండెక్స్‌లో ఒక వరుస తప్పిపోతే రైతు సరుకు ఛాంబర్‌లోనే ఉంటుంది, తెర మీద మాత్రం కనబడదు. ఆయనకేం చెబుతాం? ఆ రాత్రే ఇండెక్స్‌లు చెడ్డాయో లేదో చూసే పీజీ_యామ్‌చెక్ అనే సాధనంతో పరీక్షించాను. మావి బాగానే ఉన్నాయి. అయినా అన్నీ మళ్లీ కట్టాకే ఇంటికెళ్లాను.

వెర్షన్ 15లో పబ్లిక్ స్కీమాలో (డేటాబేస్‌లో టేబుళ్లు మామూలుగా చేరే చోటు) టేబుళ్లు సృష్టించడానికి అందరికీ ఉన్న హక్కు తీసేశారు. కొత్త డేటాబేస్‌లకే ఇది వర్తిస్తుందని, పాతవాటి అనుమతులు అలాగే ఉంటాయని కూడా రాశారు. ఆ రెండో ముక్క రాసినవాళ్లకు దండం పెట్టాలి.

కాటా దగ్గర వాడే వేరే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ‘చిన్న సవరణలు’ అని అప్‌డేట్ పంపి, ఫైల్లో కాలమ్‌ల వరుస మార్చేశారు. బండి బరువు వచ్చే చోట సరుకు బరువు వచ్చింది. లారీలు మూడు గంటలు నిలిచిపోయాయి.

పోస్ట్‌గ్రెస్ నోట్స్‌లోనూ లోటుంది. ఒక్కో మార్పూ ఒకటి రెండు వాక్యాల్లో ముగుస్తుంది, కొత్తవాళ్లకు అర్థం కాదు. 12 నుంచి 15కి వెళ్లాలంటే మధ్యవి కూడా కూర్చుని చదవాల్సిందే.

అవి చూసే నేనూ తెలుగులో మార్పుల చిట్టా రాయడం మొదలుపెట్టాను. మొన్న అప్‌డేట్ పెట్టకముందే గుమస్తా ఫోన్ చేశాడు: “హమాలీ ఖర్చు విడిగా చూపిస్తామని రాశారు కదండీ, మరి పాత రసీదు మళ్లీ తీస్తే ఎలా వస్తుంది?” నేనది ఆలోచించనే లేదు. అప్‌డేట్ రెండు రోజులు ఆపాను.