డోమ్‌కే ఎఫ్-2: ఏళ్ల తరబడి భుజాన మోశాక

కెమెరా బ్యాగు కొనేటప్పుడు చాలామంది ముందు లోపలి ఫోమ్ ఎంత మందంగా ఉందో నొక్కి చూస్తారు. నేనైతే మీ గేరంతా, అంటే కెమెరా, లెన్సులు అన్నీ అందులో సర్ది, భుజాన వేసుకుని షాపులోనే కాసేపు నడవమంటాను. ఖాళీగా ఉన్నప్పుడు ఏ బ్యాగైనా హాయిగానే ఉంటుంది.

ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన జిమ్ డోమ్‌కే 1970ల్లో తన పని కోసం తయారుచేసుకున్న బ్యాగే ఈ ఎఫ్-2. రోజూ ఫీల్డులో తిరిగే మనిషి ఆలోచన అని వాడుతుంటే తెలిసిపోతుంది. గట్టి కాటన్ కాన్వాస్, లోపల లెన్సులకు నాలుగు అరలు, ముందు రెండు జేబులు, చివర్లలో చెరొకటి. గోడలకు మందపాటి ఫోమ్ లేదు కాబట్టి నడుముకి జోలెలా ఒదిగిపోతుంది. లాల్ దర్వాజా బోనాల జనంలో దీని విలువ తెలుస్తుంది. ఎదుటివాళ్లకు తగలదు, మనల్ని వెనక్కి లాగదు. పట్టీ నేతలోనే రబ్బరు దారాలు ఉండటంతో చెమట పట్టినా భుజం మీంచి జారదు. లెన్సు మార్చాలంటే చూడకుండానే చెయ్యి సరిగ్గా దాని మీదికే వెళ్తుంది. నాకు ఈ ఒక్క సుఖం చాలు.

ఇక బరువు. నా నికాన్ డి750 కెమెరా బ్యాటరీతో కలిపి 840 గ్రాములు. 24-120 ఎఫ్/4 లెన్సు 710, 70-200 ఎఫ్/4 మరో 850, చిన్న 50 ఎంఎం 185. అక్కడికే రెండున్నర కిలోలు దాటింది. ఫ్లాష్, చార్జరు, నీళ్ల సీసా దీనికి అదనం. ఇదంతా ఒక్క భుజం మీద పడితే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, ఎంత మంచి బ్యాగైనా సరే. రోజంతా పెళ్లి పని ఉంటే 70-200 వేరే బ్యాగులో పెట్టి మండపంలోనే ఉంచుతాను. కొండలెక్కాలంటే మాత్రం రెండు భుజాల బ్యాగే తీసుకోండి, ఇందులో మొహమాటం వద్దు.

బైకు మీద ఎక్కువగా తిరిగేవాళ్లకు దీన్ని చెప్పను. గుంతల్లో పడే దెబ్బలకు ఈ పల్చటి గోడలు చాలవు. ఆటోలో అయితే ఒళ్లో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

వానాకాలం జాగ్రత్త మరీ ముఖ్యం. మామూలు కాన్వాస్ నీళ్లు పీల్చుకుంటుంది. మైనం పట్టించిన రకం కూడా ఉంది, అది జల్లుకు బాగా ఆగుతుంది. ఏదైనా సరే, తడిసిన బ్యాగులో లెన్సులు రాత్రంతా వదలొద్దు. ఆ తేమకే ఫంగస్ పట్టేది. ఇంటికి రాగానే గేరంతా బయటికి తీసి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బాలో పెట్టి, బ్యాగుని ఫ్యాను కింద బోర్లించండి.

ఒక కెమెరా బాడీ, రెండు చిన్న లెన్సులతో సరిపెట్టుకునేవాళ్లకు ఎఫ్-2 పెద్దదే. అదే కంపెనీ ఎఫ్-803 సన్నగా ఉంటుంది, ముందు దాన్ని చూడండి. జాగా ఎక్కువుంటే ఏదో ఒకటి నింపేస్తాం, ఆ బరువు మోయాల్సింది మన భుజమే.