పలుచని జుట్టుకు ‘వాల్యూమ్ కలర్’: వాపును చూసి బలుపనుకున్నాను

రంగు వేయిస్తే పలుచని జుట్టు ఒత్తుగా కనిపిస్తుందన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. అందుకే బోల్తా పడ్డాను.

నా జుట్టు చిన్నప్పటి నుంచీ పలుచన. ఒక్కో వెంట్రుక పట్టుపోగులా ఉంటుంది. తలంటుకున్న రోజు కాస్త పొంగినట్లుండి, మర్నాటికి మాడుకు అతుక్కుపోతుంది. నలభై దాటాక పాపిడి కూడా వెడల్పవుతోందనిపించింది. తమ్ముడి పెళ్లికి మూడు వారాల ముందు కూకట్‌పల్లిలో ఒక పెద్ద సెలూన్‌కు వెళ్లాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. మీరు వెళ్లేది వేరే చోటికే అయినా, అక్కడ ఏం చేశారో తెలిస్తే మీకు పనికొస్తుంది.

“మీ జుట్టు నలుపు, మాడు తెలుపు. ఆ తేడా వల్లే పాపిడి కొట్టొచ్చినట్లు కనిపిస్తోంది మేడమ్. మధ్యమధ్యలో లేత రంగు పాయలు వేస్తే తేడా తగ్గుతుంది, ఒత్తుగా ఉన్నట్లుంటుంది” అంది అక్కడి అమ్మాయి. ఇది నిజమే. కారునలుపు రంగు వేసుకునే వాళ్లలో పాపిడి గీత గీసినట్లు కనిపించడానికి కారణం ఇదే. ధరల పట్టికలో ‘వాల్యూమ్ కలర్, 6,500’ అని ఉంది. బ్లీచ్ అనే మాట ఎక్కడా లేదు.

గిన్నెలో నీలం రంగు పొడి కలుపుతుంటే అనుమానమొచ్చి అడిగాను, ఇది బ్లీచా అని. “కాదు మేడమ్, ప్రీ లైట్నర్” అంది. ఆ రెండూ ఒకటేనని తర్వాత తెలిసింది. మన నల్ల జుట్టు మీద లేత రంగు కనిపించాలంటే ముందు లోపలున్న నలుపును తీసేయాల్సిందే, ఏ పేరు పెట్టినా. పొడిలో పోసిన సీసా మీద 40 అన్న అంకె నా ఎదురుగా అద్దంలో తిరగబడి కనిపిస్తూనే ఉంది. అదేమిటో నాకు తెలియదు. మీరు తెలుసుకోండి: అది డెవలపర్, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. 10 అంటే 3 శాతం, 20 అంటే 6 శాతం, 40 అంటే 12 శాతం. సన్నని వెంట్రుకలోకి మందు త్వరగా దిగుతుంది. కుదుళ్ల దగ్గర మాడు వేడికి ఇంకా వేగంగా పనిచేస్తుంది. నాకేమో అంత ఘాటైనది, కుదురు దాకా పూసి, రేకులు చుట్టి, పెళ్లికూతురి ముస్తాబు ఉందని పక్క గదిలోకి వెళ్లిపోయారు. మంటగా ఉందంటే “కొంచెం మామూలే” అన్నారు. రేకులు విప్పేసరికి ముప్పావు గంట దాటింది.

అంతకు ముందు నెలదాకా నేను హెన్నా ప్యాకెట్లు వాడాను. ఆ సంగతి ఎవరూ అడగలేదు. గోరింటాకు ఒక్కటే అయితే ఎర్రగా పండుతుంది. అరగంటలో నల్లగా చేసే పొడిలో ఆకుతో పాటు ఇంకేదో ఉన్నట్లే. కొన్నిటిలో ఉండే లోహ లవణాలు పెరాక్సైడ్ తగిలితే వేడెక్కి జుట్టును తినేస్తాయి. బ్లీచ్ అయ్యాక మిగతా జుట్టుకు ముదురు గోధుమ రంగు కూడా వేశారు. అలాంటి రంగుల్లో చాలా వాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, కొందరికి అది అస్సలు పడదు. చెవి వెనక చుక్క రాసి 48 గంటలు చూడమని రంగు పెట్టె మీదే రాసి ఉంటుంది. నాకు 48 నిమిషాలు కూడా చూడలేదు. అదొక్కటీ అదృష్టవశాత్తూ పడింది.

ఇంటికొచ్చాక మురిసిపోయాను, దాచుకోవడం దేనికి! జడ వేస్తే పిడికిట్లో నిండుగా తగిలింది. రంగులోని క్షారం వెంట్రుక పై పొలుసులను లేపి, దాన్ని ఉబ్బిస్తుంది. గరుకెక్కిన వెంట్రుకలు ఒకదానికొకటి పట్టుకుని లేచి నిలబడతాయి. నేను చూసి మురిసింది ఆ వాపునే.

మూడో తలస్నానం నాడు అసలు సంగతి బయటపడింది. దువ్వెనలో అంగుళం, రెండంగుళాల ముక్కలు. ఒకదాన్ని వెలుతురులో పట్టుకుని చూశాను. ఊడిన వెంట్రుకకు చివర తెల్లని చిన్న బొడిపె ఉంటుంది, దీనికి లేదు. విరిగింది. తడిగా ఉన్న ఇంకో వెంట్రుకను రెండు వేళ్లతో లాగితే రబ్బరులా సాగింది, వెనక్కి ముడుచుకోలేదు, అలాగే తెగిపోయింది. వారం తిరిగేసరికి పాపిడికి రెండు వైపులా కోసిన వరిదుబ్బుల్లా మోళ్లు నిలబడ్డాయి. పాపిడి కప్పుకుందామని వెళ్లి దాన్ని రెండింతలు చేసుకొచ్చాను.

సెలూన్ వాళ్లు మొదట “మీ జుట్టే బలహీనం” అన్నారు. అది చూసే కదా పని ఒప్పుకున్నారు! తర్వాత “మా షాంపూ కొనలేదు కదా” అన్నారు. చివరికి జుట్టును నున్నగా చేసే కెరటిన్ ట్రీట్‌మెంట్ సగం ధరకు చేస్తామన్నారు. పుండు మీద కారం చల్లి, ఆ కారానికి కూడా డబ్బడిగినట్లుంది.

చర్మ వైద్యురాలు చూసి కుదుళ్లు బాగానే ఉన్నాయన్నారు. తెగిన జుట్టును ఏ సీరమూ అతికించలేదట, నెలకు సెంటీమీటరు చొప్పున కొత్తది రావాల్సిందే. రంగు మీద మోజు తీరకపోతే బ్లీచ్ జోలికి పోకుండా, సొంత రంగుకు ఒకటి రెండు ఛాయల తేడాలో, తక్కువ డెవలపర్‌తో, మాడుకు తగలకుండా వేయించుకోమన్నారు. పెళ్లి ఫోటోల కోసమే అయితే పాపిడిలో చల్లుకునే కెరటిన్ పొడి చాలట, తలస్నానంతో పోతుంది. ఆ మాట నాకు మూడు వారాల ముందు తెలిసి ఉంటే 6,500 మిగిలేవి. చివరికి పెళ్లికి అమ్మ తన సవరం తీసి, నా జుట్టు భుజాల దాకా కత్తిరించిన చోట పెట్టి అల్లి, మోళ్లు కనపడకుండా మల్లెలు చుట్టింది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. బిల్లు, ధరల పట్టిక ఫోటో, దువ్వెనలోని ముక్కల ఫోటోలు దాచి ఉంచడం కలిసొచ్చింది. బిల్లులో మాత్రం ‘కలర్ సర్వీస్’ అని తప్ప ఏం వాడారో లేదు. మీరు డబ్బు కట్టే ముందే డెవలపర్ అంకె, రంగు పేరు బిల్లు మీద రాయించుకోండి. వాళ్లు రాయబోమంటే, ఆ కుర్చీలోంచి లేచి వచ్చేయండి. నిన్న సెలూన్ నుంచి ఫోను వచ్చింది, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే 3,000 ఇస్తారట. తీసుకోనన్నాను.