పిల్లలకు సైన్సు కిట్ మేలా, విడి సామాను మేలా?

8 నుంచి 10 ఏళ్ల పిల్లలున్న అమ్మానాన్నలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: పెట్టెలో వచ్చే సైన్సు కిట్ కొనాలా, దారం, మేకులు, కాగితం లాంటి విడి సామానుతో పని జరిగిపోతుందా? చేత్తో చేస్తే బాగా ఒంటబడుతుందన్నది అందరూ ఒప్పుకునేదే కాబట్టి ఆ చర్చ జోలికి పోను.

కిట్ పక్షాన చెప్పడానికి చాలానే ఉంది. కావలసినవన్నీ ఒకచోట, సరిపడా ఉంటాయి. తీరా మొదలుపెట్టాక తీగ చాలలేదనో, బల్బు పోయిందనో ఆగిపోవడం ఉండదు. అలసిపోయి ఇల్లు చేరిన రోజు కూడా అరగంటలో ఏదో ఒకటి చేయించవచ్చు. విడి సామానుకు ముందే ఆలోచించుకోవాలి, ఏరి పెట్టుకోవాలి, చివర్లో అంతా సర్దుకోవాలి. ఓపిక లేని వారాల్లో ఆ పని అటకెక్కుతుంది.

అయినా నా మొగ్గు విడి సామాను వైపే. నేను చూసేది ఒక్కటే: పిల్లవాడు ఒకదాన్ని మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, ఏమవుతుందో చూడగలడా? కిట్‌లో వచ్చే అగ్నిపర్వతం సంగతే తీసుకోండి. వెనిగర్, వంట సోడా కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి నురగ పొంగుతుంది. పిల్లలు కేరింతలు కొడతారు. అంతటితో సరి. పొడి ఎంత వేయాలో పొట్లం కట్టినవాళ్లే తేల్చేశారు, పిల్లవాడు తేల్చడానికి ఏమీ మిగల్లేదు.

దీని పక్కన దారం, రాయి పెట్టి చూడండి. మీటరు పొడవు దారానికి రాయి కట్టి తలుపు పైగడియకు వేలాడదీయాలి. కొద్దిగా పక్కకు లాగి వదిలితే 20 సెకన్లలో సుమారు 10 సార్లు అటు వెళ్లి ఇటు వస్తుంది. ఊపే ముందే అడగండి, బరువు రాయి కడితే తొందరగా ఊగుతుందా, నెమ్మదిగానా అని. ఏదో ఒకటి ఢంకా బజాయించి చెబుతారు. రాయి మార్చి లెక్కపెడితే మళ్లీ ఆ 10 వస్తుంది. అప్పుడు దారం పొడవు మీద పడతారు. సగం చేస్తే 20 రావాలి కదా అంటారు. వచ్చేది 14. పావు మీటరుకు తగ్గిస్తే గానీ 20 రాదు. ఎందుకలా అన్నది పెద్ద తరగతుల లెక్క. ఈ వయసుకు ఆ అంకెలు రాసుకుని వాటి వైపు కాసేపు అనుమానంగా చూడడమే చాలు. (పొడవు రాయి మధ్య వరకు కొలవాలి, ఇది పెద్దవాళ్లూ మర్చిపోతారు.)

ఇందులో ఒక తికమక ఉంది. నాకు నచ్చేదీ అదే. పిల్లలు చిన్న రాయినీ పొట్టి దారాన్నీ ఒకేసారి కట్టేసి, "చూశావా, తేలిక రాయి వేగంగా ఊగింది" అంటారు. రెండూ మార్చావు కదా, ఏది పని చేసిందో ఎలా తెలుసు అని మనం అడిగే వీలు అక్కడ దొరుకుతుంది. అట్ట మీద అచ్చువేసిన వరుస ప్రకారం నడిచే కిట్ పిల్లవాణ్ని ఆ తికమకలో పడనివ్వదు.

అలాగని సామాను ముందేసి మనం పక్కకు తప్పుకుంటే సరిపోదు. 1999లో చెన్, క్లార్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో 7 నుంచి 10 ఏళ్ల పిల్లలకు స్ప్రింగులు, వాలుబల్లలు ఇచ్చి చూశారు. ఒక్కటే మార్చి పోల్చాలని విడమరిచి చెప్పి, మధ్యమధ్య ప్రశ్నలు కూడా వేసిన పిల్లలకు అది బాగా పట్టుబడింది. ప్రశ్నలు మాత్రమే వేసి వదిలేసినవాళ్లు నిలకడగా మెరుగుపడలేదు. కాబట్టి పక్కన కూర్చునే పెద్దమనిషి ఎవరూ లేని ఇంట్లో విడి సామాను గెలుస్తుందని నేను చెప్పలేను. అక్కడ కిట్‌దే పైచేయి.

కరెంటు విషయంలోనూ నేను కిట్ వైపే ఉంటాను. ఎరుపు ఎల్ఈడీ వెలగడానికి దాదాపు 2 వోల్టులు కావాలి, మామూలు సెల్ ఇచ్చేది 1.5. తిరగేసి పెట్టినా వెలగదు. తీగ సరిగ్గా తగలకపోయినా వెలగదు. సెల్లులు ఎక్కువ పెడితే మాడిపోవచ్చు. ఇన్ని కారణాల్లో తప్పు ఎక్కడుందో వెతకమంటే తొమ్మిదేళ్ల పిల్ల విసుగెత్తి వదిలేస్తుంది. నొక్కితే బిగిసే ముక్కలున్న కిట్ కనీసం తీగ తగలని బాధ తప్పిస్తుంది. ఒకటే బొమ్మ తయారయ్యేది కాకుండా, ఊడదీసి రకరకాలుగా కలపగలిగేది చూసుకోండి. చిన్న తమ్ముడో చెల్లో ఉన్న ఇంట్లో బటన్ సెల్లులు, బలమైన చిట్టి అయస్కాంతాలు ఉన్నవి వద్దు. మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

లెక్కల్లో తీర్పు చెరి సగం. భిన్నాలకు కాగితం మడతే మేలు. 3 కన్నా 4 పెద్దది కాబట్టి మూడో వంతు కన్నా నాలుగో వంతు పెద్దదనుకునే పిల్ల, సమాన భాగాలు తనే మడిస్తే ఆ పొరపాటు తనే దిద్దుకుంటుంది. కోసి రంగులేసిన ముక్కలు కొనిస్తే సమానంగా చేయడమనే అసలు కష్టం ఇంకెవరో పడిపెట్టినట్టవుతుంది. స్థానవిలువలకైతే ఒకట్లు, పదుల కడ్డీలు, వందల పలకలు, వెయ్యి ఘనం ఉన్న సెట్ కొనడమే నయం. వెయ్యి పుల్లలు కట్టలు కట్టే తీరిక ఎవరికి?

యాప్‌లు, వీడియోలు చూడ్డానికి బాగుంటాయి, చేతికి పని పెట్టవు. సెలవు రోజు వర్క్‌షాపులు స్నేహితుల కోసమైతే సరే.

ఇప్పటికే కిట్ కొనేసి ఉంటే, అట్ట మీద చెప్పినట్టు ఒకసారి చేయించి, రెండోసారి ఆ అట్ట దాచేసి "ఈసారి ఏది మారుద్దాం?" అని అడగండి. ఇంకా కొననివాళ్లు పెట్టె వెనక వైపు చదవండి. ఒకసారి చేయగానే లోపలి సామాను సగం ఖర్చయిపోయేదైతే అక్కడే వదిలేయండి.