డోడో కోసమైతే ముందు పోర్ట్ లూయిస్‌కే

ఎప్పుడో అంతరించిపోయిన డోడో పక్షి అవశేషాలు చూడాలని బయల్దేరేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఒక్క ఊరికే డబ్బులుంటే యూరప్ వదిలేసి, అది బతికిన మారిషస్ దీవి రాజధాని పోర్ట్ లూయిస్ వెళ్లండి.

యూరప్‌లో ఉన్నవన్నీ ముక్కలే. చర్మంతో సహా మిగిలిన ఒకే ఒక్క డోడో తల ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ మ్యూజియంలో ఉంది. 2018లో స్కాన్ చేస్తే తల వెనక, మెడలో సీసపు గుళ్లు కనిపించాయి. ఎవరో తుపాకీతో కాల్చారన్నమాట. ఆ తలను మాత్రం లోపల భద్రపరిచారు, మనకు చూపించేది దాని అచ్చు. ప్రవేశం ఉచితమే. ఆ ఊళ్లో హోటల్ గదులు బాగా ఖరీదు కాబట్టి లండన్ నుంచి రైల్లో వెళ్లి సాయంత్రానికి వచ్చేయడం మేలు. లండన్‌లోని అస్థిపంజరం వేర్వేరు పక్షుల ఎముకలతో కూర్చింది. కోపెన్‌హాగన్‌లో పుర్రె, ప్రాగ్‌లో ముక్కు ఉన్నాయి కానీ, వాటికోసమే అంత దూరం పోనక్కర్లేదు.

పోర్ట్ లూయిస్ మ్యూజియం సంగతి వేరు. 1904 ప్రాంతంలో ఎతియెన్ తిరియూ అనే క్షౌరవృత్తి చేసుకునే ఆయన కొండల్లో వెతికి వెలికితీసిన అస్థిపంజరం అక్కడుంది. దాదాపు అన్ని ఎముకలూ ఒకే పక్షివి. మోకాలి చిప్పలు కూడా దొరికాయి! అద్దానికి దగ్గరగా నిలబడి ఆ లావాటి కాలి ఎముకలు, పక్కనే పుల్లల్లాంటి రెక్క ఎముకలు చూస్తే రెండూ ఒకే ఒంటివంటే నమ్మబుద్ధి కాదు. నాకైతే కళ్లు చెమర్చాయి. డచ్చివాళ్లు ఈ దీవిలో దిగింది 1598లో. డోడో చివరిసారి కనబడినట్టు ఎక్కువమంది ఒప్పుకునేది 1662లో. ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు నేలమీది గుడ్లను బతకనివ్వలేదు.

భారతీయులకు వీసా టెన్షన్ లేదు, విమానాశ్రయంలోనే ఇస్తారు. బస మాత్రం పోర్ట్ లూయిస్‌లో వద్దు, ఆఫీసులు మూశాక ఊరు బోసిపోతుంది. విమానాశ్రయానికి దగ్గర్లోని మహేబూర్ ప్రశాంతంగా ఉంటుంది. బస్సులు చవకే కానీ చీకటి పడితే దొరకవు. టాక్సీ అయితే రేటు ముందే ఖాయం చేసుకోండి. మాకు తగిలిన ఒకాయన ఒప్పుకున్నదానికంటే ఎక్కువ కావాలని దిగేటప్పుడు గొడవపెట్టాడు. శాకాహారులకు వీధి బండ్ల మీద ధోల్ పూరీ దొరుకుతుంది, తీపి లేని బొబ్బట్టు అనుకోండి.

మహేబూర్ దగ్గరి ఈల్ ఓ ఎగ్రెట్ దీవిని వదలొద్దు. డోడో కూడా పావురాల కుటుంబానిదే. దానికి చుట్టమైన గులాబీ పావురం 1990ల మొదట్లో అడవిలో పదికి అటూఇటూ మిగిలితే, పట్టుబట్టి కాపాడి వందల్లోకి తెచ్చారు. ఆ దీవిలో అది కొమ్మ మీద ప్రాణంతో కనిపిస్తుంది. గైడ్ లేకుండా తిరగనివ్వరు, పడవ టికెట్ ముందే తీసుకోవాలి. మధ్యాహ్నం ఎండ గట్టిగా కాస్తుంది కాబట్టి ఉదయం పడవకే వెళ్లండి.