ఇరుసు డైనమో లైటు: ఏళ్ల వాడకం తర్వాత

రాత్రిపూట సైకిలు తొక్కే ఎవరికైనా నేను నిస్సంకోచంగా సిఫారసు చేసేది ముందు చక్రం ఇరుసులోనే అమర్చిన డైనమో, దానికి కలిపిన లైట్లు. అది ఇచ్చేది 6 వోల్టులు, 3 వాట్లే. అయినా వెలుగంతా రోడ్డు మీదే పరుచుకుంటుంది, ఎదుటివారి కళ్లలో గుచ్చుకోదు. జర్మనీ నిబంధనల ప్రకారం తయారైన లైటు నాది. ఆ నిబంధనలు ముందు లైటుకు పది మీటర్ల దూరంలో కనీసం 10 లక్స్ (ఒక చోట పడే వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు ఉండాలంటాయి, కాంతి పైకి చిమ్మకూడదంటాయి. అక్కడ 2013 వరకు సాధారణ సైకిళ్లకు డైనమో తప్పనిసరి; ఆ ఏడాదే బ్యాటరీ లైట్లను కూడా అనుమతించారు.

టైరుకు రాసుకుంటూ తిరిగే పాత డైనమో వానలో జారిపోయేది, సిగ్నల్ దగ్గర ఆగితే చీకటే. ఇప్పుడు చక్రం ఆగినా వెనక ఎర్ర లైటు కొన్ని నిమిషాలు వెలుగుతూనే ఉంటుంది. వెనక నుంచి వచ్చే వాహనాల ముందు కదలకుండా నిలబడిన ఆ క్షణంలో ఇది ఎంత ధైర్యమో తొక్కేవారికే తెలుస్తుంది.

పోలీసుల తనిఖీలు చాలా చూశాను. వారు చూసేది ఒక్కటే, లైటు వెలుగుతోందా లేదా అని. ఒకసారి నా ముందు వెళ్తున్న ఇద్దరినీ ఆపారు. ఒకరి లైటు టార్చిలా నేరుగా ఎదుటివారి ముఖాల మీద పడుతోంది; ఆయన్ని వెంటనే పంపించేశారు. రెండో అబ్బాయి బ్యాటరీ అయిపోయింది. జరిమానా రాశారు, అతను అదే చీకట్లో తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. ఇద్దరి వల్లా ప్రమాదమే, మరి తనిఖీ వల్ల ఎవరికి మేలు జరిగింది? ఈ విషయంలో కాలిఫోర్నియా పద్ధతి నాకు నచ్చింది. అక్కడ లైటు లేదని కేసు రాస్తే, లైటు బిగించి చూపించి దాన్ని కొట్టేయించుకునే వెసులుబాటు ఉంది. డబ్బు జరిమానాకు కాక లైటుకు పోతుంది.

మిణుకు లైట్ల సంగతి దేశానికో తీరు. బ్రిటన్ 2005లో నిమిషానికి 60 నుంచి 240 సార్లు మెరిసేవాటిని అనుమతించింది. జర్మనీలో అవి నిషిద్ధం. నా ఓటు జర్మనీకే. మెరిసి ఆరే లైటు ఎంత దూరంలో ఉందో వెనకవారు అంచనా వేయడం కష్టం.

లోపాలూ ఉన్నాయి. ఖరీదు ఎక్కువ, ఆ ఇరుసు చుట్టూ చక్రం చువ్వలను కొత్తగా అల్లించాలి. తొక్కేటప్పుడు కాస్త బరువనిపిస్తుంది, అది త్వరగా అలవాటవుతుంది. పంక్చరు పడి ముందు చక్రం తీయాలంటే మొదట డైనమో వైరు ఊడదీయాలి. ఆ వైరు కొసలకు తుప్పు పడితే లైటు మిణుకుమంటుంది కాబట్టి వానల రోజుల్లో తరచూ తుడుస్తుంటాను.