చదును తలా, గుండ్రటి తలా, బోలు తలా? ఎయిర్ రైఫిల్‌కి ఏ పెల్లెట్ మేలు

ఎయిర్ రైఫిల్ కొన్నవాళ్లు వారం తిరక్కుండా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, ఏ పెల్లెట్ వాడమంటావు?" పెల్లెట్ అంటే అందులో వేసే చిన్న సీసం గుండు. దాని వెనకే ఇంకో ప్రశ్న: "హాలో పాయింట్ (బోలు తలది) అయితే లోపలికెళ్లి పువ్వులా విచ్చుకుంటుందట కదా?" ఈ రెండోదానికి నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చి, సబ్బులోకి కాల్చి లోపల ఏమవుతుందో చూద్దామని పోయిన నెల అరడజను బట్టల సబ్బు కడ్డీలు కొన్నాను. బెంగళూరు మారతహళ్లిలో మా వీధి కొట్టాయన కడప మనిషే. "ఏం సార్, ఇంటికి చుట్టాలు దిగారా?" అన్నాడు. కాల్చడానికి అని చెబితే బాగుండదని నవ్వి ఊరుకున్నాను.

నాది స్ప్రింగ్ రైఫిల్ (స్ప్రింగ్ తోసే పిస్టన్ గాలిని నొక్కి పెల్లెట్‌ని పంపుతుంది), గొట్టం లోపలి వెడల్పు 4.5 మి.మీ. మన ఆయుధ నిబంధనలు, 2016 ప్రకారం లైసెన్సు లేకుండా ఉంచుకోగలిగేది ఇదే సైజు, అదీ పెల్లెట్ గొట్టం దాటేటప్పుడు ఉండే శక్తి 20 జౌల్స్ లోపు. ఈ 20 జౌల్స్ అన్న మాట చాలామంది చదివి వదిలేస్తారు. అసలు కథంతా అందులోనే ఉంది. జేబులో ఉన్నది వంద రూపాయలనుకోండి. తల విచ్చుకోవడానికి నలభై పోతే, లోతుకి వెళ్లడానికి మిగిలేది అరవయ్యే. పైగా వెడల్పైన తలకి అడ్డు కూడా ఎక్కువ, ఆ అరవై కూడా తొందరగా అయిపోతుంది.

ఒహాయోలో మా బావ ఉన్నాడు. అక్కడ జింకల సీజన్లో మూతి నుంచి మందు దట్టించే రైఫిల్ వాడతాడు. నీళ్లు నింపిన పాల డబ్బాలు వరసగా పెట్టి కాల్చి, గుండు ఎన్నో డబ్బాలో ఆగిందో, ఎంత వెడల్పు అయిందో ఫోటో తీసి పంపుతాడు. పుట్టగొడుగులా విచ్చుకున్న ఆ సీసం ముద్ద చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ఆయన .50 క్యాలిబర్ (సుమారు అర అంగుళం వెడల్పు) గుండ్రటి గుండు ఒక్కటే పదకొండు గ్రాముల పైమాట. నా పెల్లెట్ అరగ్రాము. విచ్చుకోవడానికి పోగా ఆయన దగ్గర ఇంకా బోలెడు మిగులుతుంది. మన పెల్లెట్ డబ్బాల మీద 'హంటింగ్' అని రాసుంటుంది చూశారా, దాన్ని పట్టించుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇక్కడ వేట నిషేధం. మనకి కాగితం, డబ్బా మూత, సబ్బు కడ్డీ, అంతే.

సబ్బు పరీక్షలో మొదటిరోజు నేను చేసిన తప్పు చెబుతాను. పొద్దున ఏడింటికి రేంజ్‌లో చదును తలవి కాల్చి, మధ్యాహ్నం ఎండలో గుండ్రటివి కాల్చాను. గుండ్రటివి ఎక్కడికో దూసుకెళ్లాయి. అబ్బో అనుకున్నాను. తీరా కడ్డీ ముట్టుకుంటే వేలు దిగుతోంది. ఎండకి సబ్బు మెత్తబడిందన్నమాట. రెండో ఆదివారం అన్నిటినీ ఒకే కడ్డీలో, అరగంట లోపల, ఒక్కో రంధ్రానికీ రెండు వేళ్ల ఎడం ఉంచి కాల్చాను. ఎడం లేకపోతే సబ్బు పగిలి లెక్క పనికిరాదు. కడ్డీ వెనక చెక్క పెట్టొద్దు, పెల్లెట్ వెనక్కి తిరిగొస్తుంది. నేను కడ్డీ వెనక పెట్టింది మందపాటి రబ్బరు షీటు, కళ్లకి అద్దాలు.

తర్వాత వంటింటి చాకుతో కడ్డీని నిలువునా కోసి, ఎస్.పి. రోడ్డులో కొన్న వెర్నియర్‌తో కొలిచాను. అయిదు మీటర్ల నుంచి కాల్చిన హాలో పాయింట్ 4.5 మి.మీ. ఉన్నది కాస్తా వెడల్పై 5 మి.మీ. కొంచెం దాటింది, అంచు ఒక పక్కే చిట్లింది. పువ్వు కాదు, నమిలిన వేపపుల్లలా ఉంది. అదే ఇరవై అయిదు మీటర్ల నుంచి కాల్చినదాన్ని కడిగి చూస్తే డబ్బాలోంచి తీసినట్టే ఉంది. మూతి గుంటలో సబ్బు కూరుకుపోయిందంతే. వేగం తగ్గిపోయాక విచ్చుకునే ప్రశ్నే లేదు. గుండ్రటి తలది రెండు దూరాల్లోనూ అన్నిటికంటే లోతుకి వెళ్లి, నిటారుగా ఆగింది. చదును తలది దగ్గర్లో పొట్టిగా, వెడల్పుగా గుంట చేసింది. దూరంలో మాత్రం దారి కాస్త పక్కకి వంగింది.

ఇంత కొలిచాక కూడా, పెల్లెట్ ఎంచుకోవడానికి ఈ కొలతల్ని నేను రెండో వరసలోనే పెడతాను. మొదటిది గుంపు, అంటే రంధ్రాలు ఎంత దగ్గర దగ్గరగా పడతాయన్నది. ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి పది మీటర్ల నుంచి అయిదు కాలిస్తే, అయిదు రంధ్రాలూ రూపాయి బిళ్ల కింద దాగాలి. నా రైఫిల్లో హాలో పాయింట్లు కాల్చిన కాగితం మీద అయిదు రూపాయల బిళ్ల పెట్టినా రెండు రంధ్రాలు బయటికి కనిపించాయి. అనుకున్నచోట తగలని పెల్లెట్ విచ్చుకుంటే ఎంత, విచ్చుకోకపోతే ఎంత!

పది మీటర్ల కాగితానికి చదును తలే వాడండి, ఇందులో నాకు అనుమానం లేదు. ఆఫీసు పంచింగ్ మెషీన్ కొట్టినట్టు గుండ్రంగా, శుభ్రంగా రంధ్రం పడుతుంది. గుండ్రటి తలది కాగితాన్ని చింపుకుంటూ పోతుంది, రంధ్రం అంచు ఎక్కడో తెలియదు. పోటీ కాగితం మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. ఇంక చిరిగిన అంచుతో ఏం లెక్కేస్తాం? 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ పది మీటర్ల పోటీలోనే. ఆ పోటీల్లో నడిచేది చదును తలే.

పాతిక మీటర్లు దాటితే నా ఓటు గుండ్రటి తలకి. డమరుకంలా సన్నటి నడుము ఉన్న ఆ ఒంటికి గుండ్రటి తలైతే గాలి తక్కువ అడ్డుపడుతుంది, వేగం నిలుస్తుంది. ఒక్క రకమే కొంటానంటే కూడా ఇదే కొనండి.

కొనేటప్పుడు డబ్బా అడుగున తల కొలత చూడండి. 4.49, 4.50, 4.51, 4.52 అని వస్తాయి. ఒకే కంపెనీ, ఒకే ఆకారం, మిల్లీమీటరులో నూరోవంతు తేడాకి నా గుంపు మారిపోయింది. నాకు 4.51 కుదిరింది. మీ గొట్టానికి ఏది కుదురుతుందో మీ రైఫిలే చెప్పాలి.

సూది మొనవి చూడ్డానికే. డబ్బాలో ఒకదానికొకటి తగిలి మొనలు వంగుతాయి, తర్వాత ఎటు పోతాయో తెలియదు. సీసం లేని మరీ తేలికపాటివి వేస్తే స్ప్రింగ్ రైఫిల్లో చప్పుడు ఎక్కువ, పిస్టన్‌కి దెబ్బ. ఉక్కు బీబీలు (చిన్న గుండ్రటి ఉక్కు గుండ్లు) గాడులున్న గొట్టంలో వెయ్యనే వద్దు.

కోసిన సబ్బు ముక్కల్ని బాల్కనీలో పెడితే మా అమ్మ తీసుకెళ్లి బకెట్లో నానేయబోయింది. "ఒరేయ్, ఈ సబ్బుకి చెదలేంట్రా?" అంటూ ఒక రంధ్రంలో వేలు పెట్టి చూస్తోంది. సీసం ఉందమ్మా అని లాక్కుని, ముందు ఆవిడ చేతులు కడిగించి, ముక్కలన్నీ కవర్లో కట్టి అటక మీద పడేశాను. ముప్పాతిక డబ్బా హాలో పాయింట్లు కూడా అక్కడే ఉన్నాయి.