అటక మీద దొరికిన మూడు పాత వాచీలు, వన్‌టౌన్ సాయిబు గారి రిపేరు షాపు

విజయవాడ వన్‌టౌన్‌లో పాత వాచీలు బాగుచేసే సాయిబు గారి గురించి రాయాలని నెల నుంచీ అనుకుంటున్నా. షాపంటే పెద్దదేం కాదు, మెట్ల కింద ఒక గాజు పెట్టె, ఒక స్టూలు, ఒక టేబుల్ లైటు, అంతే.

మా ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టేటప్పుడు అటక మీంచి తాతయ్య ట్రంకు పెట్టె దింపితే అడుగున పంచె ముక్కలో చుట్టి మూడు చేతి వాచీలు కనిపించాయి, అవి ఉన్నట్టు అమ్మకి కూడా తెలీదు. ముందు ఇంకో షాపులో చూపించా. ఆయన మూత కూడా తియ్యకుండా మూడూ కలిపి వెయ్యికి ఇచ్చెయ్, లేదంటే డయల్స్‌కి కొత్తగా పెయింట్ వేయిస్తా తళతళలాడతాయి అన్నాడు. నాకు మనసొప్పలేదు, వెనక్కి తెచ్చేసుకున్నా.

సాయిబు గారు మాత్రం కంటికి లూప్ (చిన్న భూతద్దం) పెట్టుకుని నా ముందే ఒక్కోటి విప్పారు. మొదటిది హెచ్ఎంటీ పైలట్, నల్ల డయల్, కీ ఇచ్చేది. 1961లో జపాన్ సిటిజన్ వాళ్ళతో కలిసి బెంగుళూరులో వాచీలు మొదలుపెట్టిన కంపెనీ కదా, లోపల ఉండేది కూడా సిటిజన్ డిజైన్ మెషినే, 17 జ్యువెల్స్ (చక్రాల ఇరుసులు అరక్కుండా పెట్టే చిన్న రాళ్ళు) అని చెప్పి, లూప్ నాకిచ్చి చూడు బాబూ అన్నారు. అక్షరాలు సన్నగా, అంచులు నీటుగా ఉన్నాయి. ముంబైలో మళ్ళీ పెయింట్ వేసిన డయల్ అయితే అక్షరాలు లావుగా అలుక్కుపోయినట్టు ఉంటాయంట, నిమిషాల గీతలు అంకెలకి ఎదురుగా రావంట, కొత్తదానిలా మెరిసిపోతుంటే ముందు అనుమానించాలంట. మాది ఒరిజినల్, రంగు కాస్త వెలిసింది కానీ దాన్ని ముట్టుకోకు, విలువంతా దాన్లోనే ఉంది అన్నారు. వెనక మూత లోపలివైపు సూదితో గీసిన చిన్న చిన్న అంకెలున్నాయి, అవేంటంటే సర్వీసింగ్ చేసినోళ్ళు పెట్టుకునే తేదీలంట. నాలుగున్నాయి, మొదటిది 1978. తాతయ్య ఆ వాచీని నాలుగుసార్లు బాగుచేయించుకుని పెట్టుకున్నాడన్నమాట, అది చూస్తుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రెండోది ఫేవర్ లూబా. ఇంట్లో అందరం అదే ఖరీదైందనుకున్నాం, స్విస్ వాచీ కదా, 1865 నుంచే మన దేశంలో అమ్మిన కంపెనీ. మూత తీస్తే మెషిన్ మీద ఫేవర్ లూబా పేరే లేదు, ఎప్పుడో ఎవరో వేరేది బిగించేశారు, డయల్ కూడా పెయింట్ వేసిందే. బాధపడకు, ఇంట్లో పెట్టుకో, అమ్మితే ఏమీ రాదు అని మొహం మీదే చెప్పేశారు. ఆ నిజాయితీ వల్లే ఈ రివ్యూ రాస్తున్నా.

మూడోది వెస్ట్ ఎండ్ సోవార్ ప్రైమా, నడవట్లేదు. ముళ్ళ మీద పూత గోధుమ రంగుకి తిరిగింది. చీకట్లో మెరిసేదాన్నంతా మనం రేడియం అనేస్తాం గానీ ఆ కాలం వాచీల్లో నిజంగా రేడియమే వాడేవాళ్ళు, మెరుపు పోయినా రేడియేషన్ పోదు, కాబట్టి గోటితో గీకొద్దు, పొడి ఊదొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు అని రెండుసార్లు చెప్పారు. మా అమ్మాయి అప్పటికే దాంతో ఆడుకుంది, గ్లాస్ తియ్యలేదు కాబట్టి ఊపిరి పీల్చుకున్నా.

చూసి చెప్పినందుకు డబ్బులు తీసుకోలేదు. పైలట్‌కి ఆయిలింగ్, కొత్త గ్లాస్ కలిపి 700 అయింది. పాత గ్లాస్ కూడా పొట్లం కట్టి ఇచ్చారు. ఇప్పుడు రోజుకి నిమిషం లోపే తేడా వస్తుంది, నాకది చాలు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. వారం అన్నది మూడు వారాలు పట్టింది, రసీదు ఇవ్వరు, ఫోన్ ఎత్తరు. వాచీలు ఇచ్చే ముందు మూత తీయించి లోపల నంబరు ఫోటో తీసుకోండి, ఆయనేం అనుకోరు. వెస్ట్ ఎండ్‌కి హెయిర్ స్ప్రింగ్ (లోపల టిక్‌టిక్ నడిపే సన్నటి చుట్ట స్ప్రింగు) దొరకాలంట, అది ఇంకా ఆయన దగ్గరే ఉంది. వెళ్ళాలనుకునేవాళ్ళు పొద్దున పదకొండు లోపు వెళ్ళండి, మధ్యాహ్నం దాటితే కళ్ళు లాగుతాయని ఆయన పాత వాచీ మూత తియ్యరు.